సంజయుని వృత్తి – పత్రికలలో టెలివిజన్ విమర్శకుని చరిత్ర

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఏదేని యొక చరిత్ర వ్యాసము వ్రాయుమని సంపాదకవర్గమువారు నన్ను కోరినపుడు, నేను ఊరి చరిత్ర వ్రాయుదునని వారు తలచియుందురు. ఆ పనికి నాకన్న సమర్థులు మన తిరుమలగిరిలో పలువురు కలరు. నేను లెక్కలు వ్రాసి బ్రతుకువాడను. ముప్పదియేండ్లుగా మార్కెట్టు దుకాణముల చిట్టాలు, ఖాతా పుస్తకములు నా చేతిమీదుగ నడచుచున్నవి. తిక్కనను, పోతనను గురుముఖమున గాక నాయంతట నేనే చదువుకొంటిని. కావున పండితులు వ్రాయదగిన విషయములను వారికే వదలి, ఎవ్వరును పద్దు వ్రాయని యొక వృత్తిని గూర్చి వ్రాయబూనితిని. అది వార్తాపత్రికలలో టెలివిజన్ కార్యక్రమములను విమర్శించువాని వృత్తి. ఈ విషయమున మన గ్రంథాలయమునకు నేనొక బాకీ పడియున్నాను. ఆ బాకీ యెట్టిదో వ్యాసాంతమున విన్నవించుకొందును.

భారతమున యుద్ధారంభమునకు ముందు వ్యాసమహర్షి ధృతరాష్ట్రునొద్దకు వచ్చి, యుద్ధము చూడగోరినచో కన్నులిత్తుననును. తనవారి చావును తాను చూడలేనని రాజు చెప్పగా, మహర్షి సంజయునకు దివ్యదృష్టి నొసంగి, జరిగినది జరిగినట్లు రాజునకు వినిపింపుమనును. దూరమున జరుగుదానిని కూర్చున్నచోటనుండి చూచుటయే టెలివిజన్ గనుక సంజయుడు తొలి టెలివిజన్ ప్రేక్షకుడని పలువురు హాస్యమునకు చెప్పుదురు. నాకు దోచినది వేరు. సంజయుడు చూచినది చెప్పి యూరకుండలేదు. ఘట్టము ఘట్టమునను ఇది నీ లోపమువలన వచ్చినది, నాడు విదురుడు చెప్పిన హితము వినకపోతివి అని రాజు మొగముమీదనే పలికినాడు. తాను తినుచున్నది రాజు కూడు, తాను చెప్పుచున్నది రాజు తప్పు. చూచుట, చెప్పుట, తూచుట అను మూడు పనులను ఒక్కడే చేసినాడు గనుక ఆతడు విమర్శకుడు. ఆ వృత్తి మన కాలమున వార్తాపత్రికలోనికి ఎట్లు వచ్చినదో, ఎవరెవరు దానిని నడపిరో చూతము.

మన దేశమున టెలివిజన్ 1959 సెప్టెంబరు 15వ తేదీన ఢిల్లీలో ప్రయోగముగ మొదలైనది. పల్లెలకు అది పెద్దయెత్తున వచ్చినది 1975లో. ఆ సంవత్సరము ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు, అమెరికావారి ఏ.టి.ఎస్.-6 అను ఉపగ్రహము సాయముతో, 'సైట్' అను ప్రయోగము జరిగినది. ఆరు రాష్ట్రములలో దాదాపు 2,400 గ్రామములలో టెలివిజన్ పెట్టెలు నిలిపి, వ్యవసాయము, ఆరోగ్యము, కుటుంబ నియంత్రణము, బడిపిల్లల చదువు మొదలగు విషయములపై కార్యక్రమములు చూపించిరి. ఆ ఆరింటిలో నాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. పిమ్మట 1977 అక్టోబరు 23న హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రము వెలసినది. సైట్ ప్రయోగమంతయు అత్యవసర పరిస్థితి కాలముననే జరిగినదన్న సంగతి ఇచట గుర్తింపదగినది. అప్పుడు తెర ప్రభుత్వముదే, వార్తయు ప్రభుత్వముదే. ఆ తెరను నిలదీసి అడుగుటకు పత్రిక తప్ప వేరొక చోటు లేకుండెను. ఆ పత్రికపైనను నాడు తనిఖీ యుండెను.

మన ఊరికి ఆ పెట్టె వచ్చిన తొలిదినములు నాకు బాగుగ జ్ఞాపకము. 1988 అక్టోబరు 2న దూరదర్శన్‌లో బి.ఆర్. చోప్రా వారి 'మహాభారత్' ధారావాహిక మొదలై 1990 వరకు ఆదివారముదయమున ప్రసారమయ్యెను. నాకు నాడు ఇరువదియేండ్లు లోపు. మా వాడకంతటికి ఒక్క ఇంట టెలివిజన్ ఉండెను. ఆ ఇంటి పెద్దమనిషి కిటికీ తెరచి పెట్టెను అరుగువైపు త్రిప్పించెడివాడు. స్త్రీలు వాకిట చాపలపై, పురుషులు వీధిలో కూర్చుండెడివారు. హిందీ మాటలు సగము తెలిసియు సగము తెలియకయు నుండుటచే, తిక్కనను చదివినాడను పేరున్న నన్ను వృద్ధులు ప్రక్కన కూర్చుండబెట్టుకొని, "ఆయన ఏమన్నడు రా అయ్యా?" అని అడుగుచుండెడివారు. నేను నాకు తోచినట్లు చెప్పెడివాడను.

ఆ వారముననే యొకనాడు హోటలులో చాయ త్రాగుచు పత్రిక తిరగవేయగా, మేము చూచిన ఘట్టమును గూర్చియే యొకరు వ్రాసిన చిన్న వ్యాసము కనబడినది. మూలకథకును తెరమీది కథకును గల భేదమును, ఒక నటుని గొంతులోని గాంభీర్యమును, వెనుక వినిపించు వాద్యములు ఎచట అతిగా నున్నవో ఆ సంగతిని అందు వ్రాసియుండిరి. నేను అదే ఘట్టమును చూచితిని, పదిమందికి అర్థము కూడ చెప్పితిని. అయినను ఆ వ్యాసకర్త చూచినదానిలో సగము నాకు కనబడనేలేదు. కన్నులుండుట వేరు, చూచుట వేరు అని నాడు తెలిసికొంటిని. నాటినుండి అట్టి వ్యాసము కొరకు ఆదివారపు సంచికను వెదకుట నాకు వాడుకయైనది.

ఈ విమర్శకుని పని ఇతర విమర్శకుల పనివంటిది కాదు. గ్రంథవిమర్శకునకు పుస్తకము చేతిలో నుండును. అనుమానము వచ్చినచో పుట త్రిప్పి చూచుకొనగలడు. సినిమా విమర్శకుడు మరల టికెట్టు కొని లోనికి పోగలడు. వీడియో క్యాసెట్టు ఇండ్లలోనికి రాకముందు టెలివిజన్ విమర్శకునకు ఆ వసతి లేకుండెను. కార్యక్రమము ఒక్కమారు వచ్చును, పోవును. కన్ను చెదరినచో విషయము చెదరినట్లే. రాత్రి చూచినది తెల్లవారులోపల వ్రాసి యీయవలసివచ్చుటయు కలదు. మరియొక భేదము దీనికన్న ముఖ్యమైనది. సినిమా విమర్శను జనులు సినిమాకు పోవలెనా వలదా అని తెలిసికొనుటకు చదువుదురు. టెలివిజన్ విమర్శను చదువువారు ఆ కార్యక్రమమును ముందే చూచియుందురు. వారికి సలహా అక్కరలేదు. తాము చూచినది మరియొకనికి ఎట్లు కనబడినదో తెలిసికొనుటకే వారు చదువుదురు. కావున ఈ విమర్శకునకు అబద్ధమాడుటకు వీలు లేదు. అతని పాఠకులందరును సాక్షులే.

పాశ్చాత్య దేశములలో ఈ వృత్తిని తొలిదినములలో నిలబెట్టినవారిలో న్యూయార్క్ టైమ్స్ పత్రికకు చెందిన జాక్ గౌల్డ్ ఒకడు. ఆతడు మొదట రేడియో కార్యక్రమములను గూర్చి వ్రాసి, 1940ల చివరినుండి 1972 వరకు టెలివిజన్‌ను గూర్చి వ్రాసెను. టెలివిజన్ కేవలము కాలక్షేపపు వస్తువని చదువుకొన్నవారు చిన్నచూపు చూచిన కాలమున, నాటకమునకును సంగీతమునకును విమర్శకుడున్నట్లే దీనికి నుండవలయునని ఒక పెద్ద పత్రిక అంగీకరించుట సామాన్యమైన సంగతి కాదు.

మన తెలుగునేలపై ఈ వృత్తికి బీజము సినిమా పుటలలో పడినది. ఆ పుటలను నడపినవారిలో ముళ్ళపూడి వెంకటరమణగారిని ముందుగ చెప్పవలయును. 1931 జూన్ 28న ధవళేశ్వరమున పుట్టి, చిన్ననాటనే తండ్రిని పోగొట్టుకొని, మద్రాసు చేరి, పేదరికమును నవ్వుగా మార్చుకొన్న రచయిత ఆయన. 1950లలో ఆంధ్రపత్రికలో ఉపసంపాదకులుగ నుండి, వారపత్రికలో సినిమాలను గూర్చి వ్రాసిరి. పొగడ్తలే వార్తలుగ చలామణియైన ఆ పుటలలో ఆయన హాస్యము సూదివలె గుచ్చెడిది. తరువాత ఆయనయే ఆ సీమలోనికి పోయిరి. 1962లో 'రక్తసంబంధం', 1967లో మిత్రులు బాపుగారి దర్శకత్వమున 'సాక్షి', 1975లో 'ముత్యాల ముగ్గు' ఆయన రచనతో వెలువడినవి. చివరి కాలమున బాపురమణలు ఈటీవీకి 'భాగవతం' ధారావాహికను తీసిరి. సినిమా తెరను విమర్శించిన చేయియే టెలివిజన్ తెరకు పోతనగారి వస్తువును అందించినది. రమణగారు 2011 ఫిబ్రవరి 24న కీర్తిశేషులైరి.

హైదరాబాదునుండి ఈ పని చేసినవారిలో గుడిపూడి శ్రీహరిగారు దీర్ఘకాలము కలము పట్టినవారు. హిందూ ఆంగ్ల పత్రికలో సినిమా, నాటకము, నాట్యము, సంగీతము మొదలగు కళలపై సమీక్షలు వ్రాసిరి. ఈనాడులో 'హరివిల్లు' అను వ్యంగ్య శీర్షికను ఏండ్ల తరబడి నడపిరి. ఆకాశవాణిలో వార్తలు చదివిన కంఠముకూడ ఆయనదే. 2022 జూలైలో వారు పరమపదించిరి. ఆకాశవాణిలో ఉద్యోగించి, విజ్ఞానరచయితగ పేరొందిన నాగసూరి వేణుగోపాల్‌గారు టెలివిజన్‌ను, ఇతర ప్రసార సాధనములను గూర్చి తెలుగులో విశ్లేషణలు వ్రాసి పుస్తకములుగ కూడ వెలువరించిరి. 1995లో జెమిని, ఈటీవీ మొదలైన పిదప తెలుగు తెర ఒక్కసారిగ పెరిగినది. పెరిగిన తెరకు తగినంత విమర్శ పెరగలేదన్నది ఒక పాఠకునిగ నా అభిప్రాయము.

భారతదేశమంతటిలో ఈ వృత్తికి మారుపేరుగ నిలిచినది అమితా మాలిక్. ఆమె 1921లో అస్సాములోని గౌహతిలో జన్మించిరి. 1940లలో లక్నో ఆకాశవాణిలో చేరి, అచటి పని నేర్చి, పిమ్మట పత్రికలలో రేడియోను గూర్చి, సినిమాను గూర్చి, టెలివిజన్‌ను గూర్చి వ్రాసిరి. స్టేట్స్‌మన్, టైమ్స్ ఆఫ్ ఇండియా, ఇండియన్ ఎక్స్‌ప్రెస్, పయనీర్ మొదలగు పత్రికలలో ఆమె రచనలు వెలువడినవి. ఒకనాడు తాను లోపల కూర్చుండి పనిచేసిన సంస్థయొక్క గుట్టుమట్టులు ఎరిగిన మనిషి గనుక ఆమెను మాటలతో మభ్యపెట్టుటకు అధికారులకు వీలు కాకుండెను. వార్తలు చదువువారి ఉచ్చారణ దోషములను ఆమె ఎత్తి చూపెడివారు. మంత్రుల ప్రారంభోత్సవములతో వార్తలను నింపుటను నిష్ఠురముగ వ్రాసెడివారు. దూరదర్శన్, ఆకాశవాణి ప్రభుత్వ శాఖలుగ నుండి, 1990 నాటి చట్టము 1997లో అమలులోనికి వచ్చిన పిదప ప్రసారభారతి క్రిందికి చేరినవి. అంతవరకు ఈ దేశమున టెలివిజన్‌ను విమర్శించుట యనగా ప్రభుత్వమును విమర్శించుటయే. సంజయుడు రాజు కొలువులోనుండి చేసిన పనిని ఆమె పత్రికలోనుండి చేసిరి. 1999లో ఆత్మకథ ప్రకటించిరి. 2009 ఫిబ్రవరి 20న ఢిల్లీలో కన్నుమూసిరి. భారత ప్రసార రంగమునకు ప్రథమ మహిళ యని ఆమెను పిలుచుట పత్రికలలో వాడుక.

ఇక ఈ వృత్తిని సాహిత్య స్థాయికి ఎత్తినవాడని ఇంగ్లండులో అందరును ఒప్పుకొన్నవాడు క్లైవ్ జేమ్స్. ఆతని పుస్తకము నాకు దొరకిన తీరును చెప్పవలయును. చాల ఏండ్లక్రిందట లెక్కల పనిమీద హైదరాబాదు పోయి, ఆదివారము ఆబిడ్సు బాటప్రక్కన పరచిన పాత పుస్తకములను తిరగవేయుచుండగా, అట్ట చినిగిన ఆంగ్ల పుస్తకమొకటి కనబడినది. టెలివిజన్‌ను గూర్చిన పత్రికా వ్యాసముల సంపుటము. ఇట్టివానిని పుస్తకముగ కూడ వేయుదురా యని ఆశ్చర్యపడి కొంటిని. నిఘంటువు ప్రక్కన పెట్టుకొని చదువుటకు నాకు ఒక సంవత్సరము పట్టినది.

క్లైవ్ జేమ్స్ 1939 అక్టోబరు 7న ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగర ప్రాంతమున జన్మించెను. తండ్రి రెండవ ప్రపంచయుద్ధమున జపానువారి చెరలో చిక్కి, ప్రాణములతో బయటపడి, 1945లో ఇంటికి తిరిగివచ్చుచుండగా విమానము కూలి మరణించెను. తల్లి ఒంటరిగ కొడుకును పెంచినది. 1960ల ఆరంభమున ఇంగ్లండు చేరి, కేంబ్రిడ్జిలో చదివి, 1972లో అబ్జర్వర్ అను ఆదివార పత్రికకు టెలివిజన్ విమర్శకుడయ్యెను. 1982 వరకు, పదేండ్లు వారము తప్పక వ్రాసెను. ఆతని చూపునకు అందనిది లేదు. షేక్స్పియరు నాటకమునకు ఎంత శ్రద్ధ చూపునో ఫుట్బాలు వ్యాఖ్యాత తడబడిన మాటకును, అమెరికా నుండి వచ్చిన కుటుంబ ధారావాహికకును అంత శ్రద్ధ చూపెను. జనులు మెచ్చునది గనుక తక్కువది యని త్రోసివేయలేదు. జనులు మెచ్చిరి గనుక గొప్పదియని లొంగిపోలేదు. నవ్వించుచు తూచెను.

ఆ వ్యాసములు 1977లో 'విజన్స్ బిఫోర్ మిడ్‌నైట్', 1981లో 'ది క్రిస్టల్ బకెట్', 1983లో 'గ్లూడ్ టు ది బాక్స్' అను మూడు సంపుటములుగ వెలువడినవి. 1982లో పత్రికను వదలి, టెలివిజన్ తెరమీదికే ఎక్కి ప్రసిద్ధుడయ్యెను. 2010లో రక్తపు క్యాన్సరు సోకినదని తెలిసినను కలము విడువలేదు. 2013లో దాంతే మహాకావ్యమునకు తన ఆంగ్లానువాదమును ప్రకటించెను. రోగముతో నున్న ఆ కాలముననే మరల కొన్నాళ్ళు ఒక దినపత్రికకు టెలివిజన్ విమర్శ వ్రాసెను. 2019 నవంబరు 24న కేంబ్రిడ్జిలో మరణించెను.

ఈ ముగ్గురి జీవితములను ఒక పుటమీద జమకట్టి చూచినచో ఒక సంగతి తేలుచున్నది. రమణగారును జేమ్సును తాము విమర్శించిన కొలువులోనికి తామే పోయిరి. అమితా మాలిక్ తుదివరకు వెలుపలనే నిలిచిరి. లోనికి పోయినవారు వృత్తిధర్మమును వదలిరని నిందించువారు కలరు. నాకట్లు తోచదు. వంటను విమర్శించినవాడు గరిటె పట్టినచో తప్పేమి? వంట రుచిగనున్నదా లేదా యనునదే విచారింపవలసినది. అయితే మరియొక భేదము కలదు. అది నన్ను కొన్ని రాత్రులు నిద్రపోనీయలేదు. జేమ్స్ వ్రాసినది సంపుటములైనది గనుక తిరుమలగిరిలోని ఒక గుమాస్తా చేతికి సహితము వచ్చినది. రమణగారి రచనలును సాహితీ సర్వస్వమను పేర సంపుటములకెక్కినవి. అమితా మాలిక్ ఆత్మకథ పుస్తకముగ దొరకును గాని, ఆమె వారము వారము వ్రాసినది చూడవలెనన్నచో పాత పత్రికల కట్టలు విప్పవలసినదే. మన తెలుగు పత్రికలలో పేరు లేకుండ, పొడియక్షరములతో, ఆదివారపు పుట మూలలో వ్రాసినవారి సంగతి చెప్పనక్కరలేదు.

వ్యాసము పోయిన నేమి, కార్యక్రమము ఉన్నది గదా యని యనుకొనవచ్చును. అది నిజము కాదు. తొలినాటి టెలివిజన్ కార్యక్రమములు చాలవరకు పోయినవి. టేపు ఖరీదైన వస్తువగుటచే పాత కార్యక్రమమును చెరిపి అదే టేపుపై క్రొత్తదానిని ఎక్కించుట సర్వత్ర ఆచారముగ నుండెను. 1969 జూలైలో మానవుడు చంద్రునిపై కాలిడిన రాత్రి బ్రిటిషు ప్రసార సంస్థయగు బి.బి.సి. తన స్టూడియోనుండి చేసిన ప్రసారములో అధికభాగము నేడు లేదు. ఆ సంస్థవారే చెరిపిన ధారావాహికల భాగములకు లెక్క లేదు. చంద్రునిమీదినుండి వచ్చిన దృశ్యముల మూల టేపులనుకూడ చెరిపి వాడుకొన్నట్లున్నదని అమెరికా అంతరిక్ష సంస్థ 2009లో తెలిపినది. ఇంతటి ఘటనకే దిక్కు లేనపుడు, ఒక ఊరి రైతు వరిపైరును గూర్చి మాటలాడిన అరగంట కార్యక్రమమును ఎవరు దాచుదురు? అట్టి కార్యక్రమము జరిగినదనుటకు మిగులు సాక్ష్యము పత్రికలోని ఆ నాలుగు వాక్యములే.

ఇచట నా బాకీ సంగతి చెప్పవలసియున్నది. మన గ్రంథాలయపు జమాఖర్చులు కొన్నేండ్లుగ నేనే వ్రాయుచున్న సంగతి అందరికి తెలిసినదే. ఒక వర్షాకాలమున వెనుక గది కప్పు కారినది. పాత పత్రికల కట్టలు తడిసి వాసన కొట్టినవి. ఆ కట్టలను అమ్మి, ఆ పైకముతో గది బాగుచేయింతమని సలహా చెప్పినది నేనే. ఎవరును కాదనలేదు. ఇనుప సామాను కొనువాడు బండి తెచ్చి తూచి తీసికొనిపోయెను. "పాత పత్రికల అమ్మకము, రూ. 612 జమ" అని నా చేతితోనే పద్దు వ్రాసితిని. లెక్క సరిపోయినది. సంవత్సరాంతమున సభ్యులు చప్పట్లు కూడ కొట్టిరి.

మరి రెండేండ్లకు పరిశోధన చేయుచున్న యువతి యొకతె సూర్యాపేటనుండి బస్సులో వచ్చినది. తెలుగులో ప్రైవేటు టెలివిజన్ మొదలైన కాలమున పత్రికలవారు దానిని గూర్చి ఏమి వ్రాసిరో ఆమెకు కావలయును. పల్లెల గ్రంథాలయములలో పాత సంచికలు మిగిలియుండునని ఎవరో చెప్పగా ఒక్కొక్క ఊరు తిరుగుచున్నదట. "సారూ, ఆదివారం సంచికలు ఎక్కడ పెట్టిండ్రు?" అని అడిగినది. నేను వెనుక గది చూపించితిని. గది పొడిగ, తెల్లగ, సున్నము వేసి శుభ్రముగ నున్నది. లోపల ఏమియు లేదు. ఆమె ఒక క్షణము నిలుచుండి, "పోనీ సారూ" అని మంచినీళ్ళు త్రాగి వెడలిపోయినది. ఆమె ఒక్క నిష్ఠురపు మాటయైనను ఆడలేదు. ఆడియున్నచో నాకు కొంత తేలికయై యుండెడిది.

ఆ రాత్రి ఇంటికి పోయి ఆ సంవత్సరపు లెక్కల పుస్తకము తీసితిని. రూ. 612 జమవైపున నున్నవి. ఖర్చువైపున ఏమి పోయినదో ఎచటను లేదు. ఇంతకాలము లెక్కలు వ్రాసినవాడను, ఒకవైపే పద్దు వ్రాసితినని నాడు గ్రహించితిని. నేను ఇరువదియేండ్లనాడు హోటలులో చదివిన ఆ చిన్న వ్యాసమువంటివి ఆ కట్టలలో ఎన్ని యుండెనో. వానిని వ్రాసినవారు రాత్రి మేలుకొని వ్రాసిరి. వారి పనికి మిగిలిన ఒక్క నిలువను ఇనుప సామాను ధరకు తూచి ఇచ్చినది నేను.

ఈ నేలమీద కాగితము విలువ తెలిసిన పెద్దలు లేకపోలేదు. నైజాము రాష్ట్రమున తెలుగు కవులే లేరని ఒకరు వ్రాసినపుడు, సురవరం ప్రతాపరెడ్డిగారు వాదమునకు దిగక, ఊరూరి కవుల పద్యములను, వివరములను సేకరించి, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. ఎవరి ఇంటి పెట్టెలోనో ఆ కాగితములు దాగియుండబట్టియే ఆ జవాబు సాధ్యమైనది. మన మెతుకుసీమలోని కొలిచెలమకు, నేటి కొల్చారమునకు, చెందిన మల్లినాథసూరి కాళిదాస కావ్యములకు తాను వ్రాసిన వ్యాఖ్యకు సంజీవనియని పేరిడెను. చెడ్డ వ్యాఖ్యల విషముచే మూర్ఛపోయిన కవివాక్కును బ్రతికించునదని ఆయన భావము. మంచి విమర్శ మూలమును బ్రతికించును. టెలివిజన్ విషయమున ఆ మాట అక్షరాల నిజము. మూలము చెరిగిపోయిన పిదప విమర్శయొక్కటే దానికి ప్రాణము.

కావున రజతోత్సవ సమయమున సభ్యులకు నాదొక విన్నపము. తిరుమలగిరి 2018లో పురపాలక సంఘమైనది గాని మన నోట ఇప్పటికిని ఊరే. ఊరివారి ఇండ్లలో అటకలమీద, బియ్యపు డబ్బాల అడుగున, పెండ్లి చీరెల మడతల నడుమ పాత పత్రికలు ఇంకను ఉన్నవి. ఆదివారపు సంచిక గాని, సినిమా పుట గాని, టెలివిజన్ పుట గాని, చినిగినదైనను సరే, అమ్మకముందు ఒక్కమారు గ్రంథాలయమునకు తెచ్చి చూపుడు. తేదీ వేసి, పట్టీ వ్రాసి, కట్ట కట్టి నిలువ చేయు పని నేను చేయుదును. వెనుక గది పొడిగనే యున్నది. దానికొక చెక్కబీరువా చేయింపదలచితిని. అందుకగు ఖర్చు గ్రంథాలయ నిధినుండి గాక నా పేరనే పద్దు వ్రాసికొందును.

దుర్యోధనుడు పడిపోయిన పిదప సంజయుని దివ్యదృష్టి కూడ తొలగిపోయినదని భారతము చెప్పుచున్నది. చూచుటకు ఏమియు మిగులలేదు గనుక చూపు తీసికొనబడినది. కాని ఆతడు చెప్పిన మాట పోలేదు. ఆ మాటవలననే యుద్ధము నేటికిని మనకు కనబడుచున్నది. చెప్పినవాడు సంజయుడైనను, దాచినవారు ఎవరో తాళపత్రములు కట్టలు కట్టి అటకలపై పెట్టిన పేరులేని మనుష్యులు. ఆ రెండవ పని మన గ్రంథాలయమువంటివానిది. ఒకమారు నేను దానిని తప్పితిని. రాబోవు ఇరువదియైదేండ్లకు లెక్కలు వ్రాయువారెవరైనను, పాత పత్రికల అమ్మకమను పద్దు మరల వ్రాయకుందురుగాక.